బంగారు గనుల పలుగురాతి పొడి

కోలారు బంగారు గనుల చరిత్ర అనగానే 1880లో వచ్చిన జాన్ టేలర్ కంపెనీ, 1902లో శివనసముద్రం నుండి అందిన విద్యుత్తు, 2001 ఫిబ్రవరి 28న మూతపడిన గనులు స్ఫురిస్తాయి. బంగారాన్ని గర్భంలో దాచుకొన్న పలుగురాతిని తలచేవారు అరుదు.

పలుగురాయి అంటే సిలికాయే. దానిని మిల్లులలో మెత్తగా నూరి, సైనైడు ద్రావణంతో బంగారాన్ని వేరుచేసి, మిగిలిన పొడిని గుట్టలుగా పోశారు. ఊరివారు సైనైడు దిబ్బలనే ఆ కొండలు ఇప్పటికీ ఉన్నాయి. అయితే పొడి అంతా దిబ్బలకే చేరలేదు. సొరంగాలలో రాతికి రంధ్రాలు వేసేటప్పుడు లేచిన, కంటికి కానరాని ధూళి చిత్తూరు, ఆర్కాటు పల్లెల నుండి వచ్చిన కూలీల ఊపిరితిత్తులలో పేరుకొన్నది. 1947లో వెలువడిన పరిశీలన ప్రకారం, పరీక్షించిన 7,653 మందిలో నూటికి 43.7 మందికి సిలికోసిస్ వ్యాధి ఉన్నది. గనుల లాభాల లెక్కల పక్కన ఈ సంఖ్యనూ వ్రాయవలసి ఉండెను.

ఇదే సిలికాకు మరొక గతి కూడా ఉన్నది. సిలికాన్ సమ్మేళనపు ద్రవాన్ని నీటితో చర్య జరిపి, పాలు తోడుకొన్నట్లు జెల్‌గా పేరబెడితే అతి సూక్ష్మమైన సిలికా లభిస్తుంది. దీనినే సోల్-జెల్ పద్ధతి అంటారు. ఆ సిలికాను కార్బనుతో కలిపి, నత్రజని వాయువులో సుమారు 1400-1500 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కాలిస్తే సిలికాన్ నైట్రైడు ఏర్పడుతుంది. బేరింగులకు, లోహాన్ని కోసే పనిముట్లకు వాడే గట్టి పింగాణీ అది. పొడి ఎంత సన్ననిదైతే చర్య అంత సులువు. గని ధూళిని ప్రాణాంతకం చేసినదీ కొంతవరకు ఆ సన్నదనమే.

దిబ్బలలోని పొడి ఈ పనికి నేరుగా పనికిరాదు. ఇతర ఖనిజాలు, రసాయనాల శేషాలు అందులో కలిసి ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా అది కాలనీల ఇళ్ళపై పడుతూనే ఉన్నది.