చిల్లకల్లు నుంచి మూసీ దాకా: 1948 సైనిక చర్యలో తేలిక కవచ వాహనాల నిర్మాణం, సామర్థ్యం, పరిమితులు

వ్యాస సంగ్రహం:

1948 సెప్టెంబరులో జరిగిన హైదరాబాద్ సైనిక చర్యను గురించిన రచనల్లో షోలాపూర్ వైపు నుంచి సాగిన ప్రధాన దళానికి లభించిన ప్రాధాన్యం బెజవాడ వైపు నుంచి సాగిన తూర్పు దళానికి లభించలేదు. తూర్పు రంగంలో నిజాం సైన్యం ప్రధానంగా ఆధారపడినది ట్యాంకులపై కాదు. హంబర్, స్టాగ్‌హౌండ్ అనే రెండు రకాల చక్రాల కవచ వాహనాలపై. వాటి నిర్మాణాన్ని, కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతపు భౌగోళిక స్థితిని కలిపి పరిశీలించి, ఆ వాహనాల వైఫల్యానికి యంత్రలోపం కన్నా వినియోగలోపమే ముఖ్య కారణమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: కవచ వాహనం, హంబర్, స్టాగ్‌హౌండ్, చిల్లకల్లు, కోదాడ, మునగాల, పోలీసు చర్య.

1. ఉపోద్ఘాతం:

యుద్ధ చరిత్రలో ఆయుధాన్ని విడిగా, నేలను విడిగా చూసే అలవాటు ఉంది. ఆయుధం బరువు, వేగం, గుండు వ్యాసం ఒక పట్టికలో చేరుతాయి. పోరు జరిగిన ఊర్ల పేర్లు మరొక చోట చేరుతాయి. అయితే ఒక వాహనం సామర్థ్యం దాని ఇంజనులో ఎంత ఉందో, అది నడిచే బాటలో, దాటవలసిన ఏటిలో, దానికి అప్పగించిన పనిలో కూడా అంతే ఉంటుంది. పెనుగంచిప్రోలు, నందిగామ, జగ్గయ్యపేటలతో కూడిన నాటి కృష్ణా జిల్లా పడమటి మెట్ట ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన క్షేత్రం. 1948లో భారత యూనియన్‌కూ, నైజాం రాజ్యానికీ మధ్య సరిహద్దు ఈ ఊర్ల పక్కనే ఉండేది.

2. సరిహద్దు, రోడ్డు, ఏర్లు:

బెజవాడ నుంచి హైదరాబాద్‌కు పోయే సుమారు 270 కిలోమీటర్ల రోడ్డు కంచికచర్ల దాటాక కీసర వద్ద మునియేరును దాటుతుంది. అక్కడి నుంచి నందిగామ, చిల్లకల్లు మీదుగా, జగ్గయ్యపేట చెంతగా సాగి, గరికపాడు దగ్గర పాలేరును దాటి కోదాడ చేరుతుంది. కోదాడ నాడు నైజాం గడ్డ. మునియేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు ఈ రోడ్డుకు ఉత్తరాన, కొద్ది మైళ్ల లోపలికి ఉంటుంది. అక్కడి తిరుపతమ్మ తల్లి తిరునాళ్లకు నేటికీ కృష్ణా తీరం నుంచే కాక ఖమ్మం, నల్లగొండ సీమల నుంచీ జనం తరలివస్తారు. పాలకులు గీసిన హద్దు ప్రజల రాకపోకలకు హద్దు కాలేదనడానికి ఇది నిదర్శనం.

ఆ హద్దు సైతం తిన్నగా ఉండేది కాదు. కృష్ణా జిల్లా నడుమ, ఇదే రోడ్డు మీద ఉన్న పరిటాల నిజాం ఏలుబడిలోని గ్రామాల సముదాయానికి చెందినది. అక్కడి ప్రజలు 1947లోనే నిజాం పాలనను తోసిపుచ్చి తమను తాము స్వతంత్రులుగా ప్రకటించుకున్నారు. ఇందుకు విపర్యయంగా, కోదాడకు ఆవల ఉన్న మునగాల పరగణా నాలుగు వైపులా నైజాం నేల ఉన్నప్పటికీ మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాలో భాగం. కాబట్టి బెజవాడ నుంచి సూర్యాపేటకు పోయే బాటసారి ఒకే ప్రయాణంలో పలుమార్లు రాజ్యాలు మారవలసి వచ్చేది. సైనిక దృష్టితో చూస్తే కోదాడలో ఉన్న నిజాం దళానికి ముందూ వెనుకా రెండు దిక్కులా యూనియన్ భూభాగమే ఉన్నదన్నమాట. ఈ విషయం తరువాతి విశ్లేషణకు కీలకం.

3. హంబర్: ఒక ఫిరంగి బండి రూపాంతరం

బ్రిటన్‌లో రూట్స్ సంస్థ 1941 నుంచి తయారుచేసిన హంబర్ వాహనానికి భారతదేశంతో ఒక పూర్వ సంబంధం ఉంది. భారత సైన్యం కోసం రూపొందించిన కారియర్ కేటీ-4 అనే ఫిరంగిని లాగే బండి చట్రమే దీనికి పునాది. ఆ చట్రంపై గై సంస్థ కవచ వాహనపు పైకట్టును పోలిన ఉక్కు పెట్టెను అమర్చారు. బరువు సుమారు 7 టన్నులు. వెనుక భాగంలో 90 అశ్వశక్తి గల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, నాలుగు చక్రాలకూ చోదకశక్తి ఉంటాయి. మంచి రోడ్డు మీద గంటకు 70 కిలోమీటర్లకు మించిన వేగంతో పోగలదు. ఒకసారి ఇంధనం నింపితే సుమారు 320 కిలోమీటర్లు నడుస్తుంది. రకాన్ని బట్టి ముగ్గురు లేదా నలుగురు సిబ్బంది ఉంటారు.

దీని కవచం అత్యధికంగా 15 మిల్లీమీటర్లు. అది సాధారణ రైఫిల్ గుండును, ఫిరంగి గుండు తునకలను ఆపగలదు. ట్యాంకు ఫిరంగిని ఆపలేదు. తొలి రకాలలో గుండ్రంగా తిరిగే టరెట్‌లో 15 మి.మీ., 7.92 మి.మీ. బీసా మెషిన్‌గన్లు ఉండగా, నాలుగో రకంలో 15 మి.మీ. గన్ను స్థానంలో 37 మి.మీ. అమెరికన్ ఫిరంగి చేరింది. ఇలాంటి వాహనాలు 3,600కు పైగా తయారయ్యాయి. వీటి రూపకల్పన లక్ష్యం స్పష్టం: ప్రధాన దళానికి ముందుగా పోవాలి, శత్రువు జాడ కనిపెట్టాలి, వైర్‌లెస్ ద్వారా వార్త పంపాలి, ఎదురు దెబ్బ తగలకముందే తప్పుకోవాలి. దానికి ప్రధాన రక్షణ ఉక్కు పలక కాదు, వేగం.

4. స్టాగ్‌హౌండ్: బలం, భారం

అమెరికాలో షెవర్లే విభాగం తయారుచేసిన టి-17-ఇ-1 వాహనానికి బ్రిటిష్ సైన్యం పెట్టిన పేరు స్టాగ్‌హౌండ్. బ్రిటన్ అవసరాలను దృష్టిలో పెట్టుకొని తయారైన ఈ వాహనం రెండవ ప్రపంచ యుద్ధంలో ఇటలీ రంగంలో విరివిగా పనిచేసింది. దీని బరువు సుమారు 14 టన్నులు, అంటే హంబర్‌కు రెట్టింపు. ఒక్కొక్కటి 97 అశ్వశక్తి గల రెండు ఇంజన్లు, గేర్లు తమంతట తాము మారే ఏర్పాటు, అయిదుగురు సిబ్బంది, 37 మి.మీ. ఫిరంగి, మూడు బ్రౌనింగ్ మెషిన్‌గన్లు దీని ప్రత్యేకతలు. వేగం గంటకు 89 కిలోమీటర్లు. ఒక్క దఫా ఇంధనంతో పోగల దూరం సుమారు 720 కిలోమీటర్లు. అనగా బెజవాడ నుంచి హైదరాబాద్ వెళ్లి, మళ్లీ ఇంధనం పోయకుండానే తిరిగి రాగలదు.

అయినా ఇటలీలోని ఇరుకు వీధుల్లో, కొండ బాటల్లో దీని పరిమాణమే దీనికి అడ్డంకి అయింది. ఆ అనుభవం తెలుగు నేలకూ వర్తిస్తుంది. పద్నాలుగు టన్నుల చక్రాల వాహనం రాతి పరుపు గల రోడ్డుపై నిశ్చింతగా పోగలదు. భాద్రపద మాసపు వానలకు నానిన నల్లరేగడి చేలలో దిగబడుతుంది. బరువు విస్తరించే ఉక్కు గొలుసు ట్యాంకుకు ఉంటుంది. కవచ వాహనానికి ఉండదు. కాబట్టి వాన కాలంలో ఈ మెట్టలో కవచ వాహనం రోడ్డుకు బందీ. రోడ్డేమో వంతెనలకు బందీ.

5. చిల్లకల్లు ఘటన:

1948 సెప్టెంబరు 6న చిల్లకల్లు సమీపంలోని భారత పోలీసు శిబిరంపై రజాకార్లు తీవ్రంగా కాల్పులు జరిపారు. విచారించడానికి పూనా హార్స్‌కు చెందిన ఒక స్క్వాడ్రన్‌ను, 2/5 గూర్ఖా రైఫిల్స్‌కు చెందిన ఒక కంపెనీని పంపగా వారిపైనా కాల్పులు జరిగాయి. పూనా హార్స్ ట్యాంకులు రజాకార్లను తరుముతూ సరిహద్దు దాటి కోదాడ దాకా పోయాయి. అక్కడ హైదరాబాద్ లాన్సర్స్ మొదటి రెజిమెంటుకు చెందిన కవచ వాహనాలు అడ్డుపడ్డాయి. స్వల్పకాలం సాగిన ఆ పోరులో ఒక కవచ వాహనం ధ్వంసమైంది. కోదాడలోని నిజాం దళం లొంగిపోయింది.

ఈ చిన్న ఘటనలో యావత్ తూర్పు రంగపు ఫలితం ముందే కనిపిస్తుంది. ఆనాటి తేలిక రకం ట్యాంకు ముందు కవచం సైతం హంబర్ కవచానికి రెట్టింపు మించి ఉండేది. 37 మి.మీ. ఫిరంగి తేలిక ట్యాంకును దెబ్బతీయగలిగినా, మధ్యరకం ట్యాంకును ఎదుట నుంచి ఛేదించడం కష్టం. ఇటువంటి స్థితిలో కవచ వాహనం చేయవలసిన పని ట్యాంకుల రాకను గుర్తించి, వెనుక దళానికి తెలిపి, వెనుకకు మళ్లడం. కోదాడలో మాత్రం అది ఊరికి కాపలాగా నిలబడవలసి వచ్చింది. చూసి చెప్పడానికి పుట్టిన వాహనాన్ని గోడలా నిలబెట్టినప్పుడు దాని వేగం నిరుపయోగమై, మిగిలింది 15 మి.మీ. పలక మాత్రమే.

6. సెప్టెంబరు 13 నుంచి 18 దాకా:

సెప్టెంబరు 13 వేకువన సైనిక చర్య మొదలైంది. తూర్పు దళానికి జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వం వహించాడు. హంబర్, స్టాగ్‌హౌండ్ వాహనాలు గల హైదరాబాద్ లాన్సర్స్ రెండవ, నాల్గవ రెజిమెంట్లు గట్టిగానే ప్రతిఘటించాయి. అయినా ఉదయం 8.30 గంటలకు దళం కోదాడ చేరింది. మధ్యాహ్నానికి మునగాల చేరింది. మునగాల యూనియన్ భూభాగమే కావడం వల్ల కోదాడ తరువాత నిజాం దళానికి వరుసగా వెనుకకు జరిగి నిలిచే లోతు లేకపోయింది. తేలిక కవచ వాహనాల యుద్ధరీతికి ఆ లోతే ప్రాణం.

తరువాత సూర్యాపేటపై వైమానిక దాడులు జరిగి నిజాం రక్షణ శ్రేణి చాలావరకు చెదిరింది. మిగిలిన రజాకార్ల ప్రతిఘటనను అణచి 2/5 గూర్ఖాలు పట్టణాన్ని స్వాధీనం చేసుకున్నారు. విమానదాడి ఎదుట కవచ వాహనానికి దాక్కునే చోటు లేదు. పై నుంచి వచ్చే దాడిని తట్టుకొనే మందం దాని కప్పుకు లేదు. నిజాం పక్షాన ఎదురు నిలిచే యుద్ధవిమానాలూ లేవు.

వెనుదిరిగిన నిజాం దళం మూసీపై వంతెనను కూల్చింది. ఈ మొత్తం రంగంలో నేల స్వభావాన్ని గుర్తించి చేసిన యత్నం ఇదొక్కటే. రోడ్డుకు బందీ అయిన దళాన్ని ఆపగలిగేది ఏరు. అయితే కూల్చిన వంతెనను కాపాడుతూ ఆవలి ఒడ్డు నుంచి కాల్పులు జరిపే ఏర్పాటు చేయలేదు. ఫలితంగా భారత ఇంజనీర్లు దాన్ని త్వరగానే బాగుచేశారు. గట్టుచాటున నిలిపిన నాలుగైదు కవచ వాహనాల మెషిన్‌గన్లు వంతెన పనిని గంటల తరబడి ఆలస్యం చేయగలిగేవి. వాటి నిర్మాణానికి సరిగ్గా తగిన కర్తవ్యం అదే. కోదాడలో తగని చోట నిలిచిన వాహనాలు మూసీ వద్ద తగిన చోట నిలవలేదు. నార్కట్‌పల్లి వద్ద మరో రజాకార్ దళం నాశనమైంది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించగా, 18న మేజర్ జనరల్ ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురికి లొంగిపోయాడు.

7. రోడ్డుకు దూరంగా:

అయిదు రోజుల్లో రోడ్డు గెలుపొందింది. కాని రోడ్డు రాజ్యం కాదు. పెనుగంచిప్రోలు వంటి ఊర్లు మునియేటి ఒడ్డున, బండి బాటల చివర ఉన్నట్లే సరిహద్దుకు ఆవల మధిర, హుజూర్‌నగర్ ప్రాంతాల పల్లెలూ రోడ్డుకు ఎడంగానే ఉండేవి. సైనిక దళం హైదరాబాద్ వైపు సాగినంత వేగంగా పౌర పాలన ఆ పల్లెలకు చేరలేదు. తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా కొనసాగింది. ఆ దశలో అడవి అంచుల్లో, చేలగట్లపై జరిగిన గాలింపుల్లో నిర్ణాయకమైనది కాలినడక దళమే గాని కవచ వాహనం కాదు.

రాజ్యపు పడమటి జిల్లాల్లో పరిణామం మరింత విషాదకరం. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లిం పౌరులపై జరిగిన హింస అత్యంత తీవ్రమైనదని గుర్తించింది. చర్య సమయంలోనూ తరువాతా రాజ్యమంతటా కనీసం 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. రజాకార్ల దౌర్జన్యాలను చెప్పి ఈ అధ్యాయాన్ని చెప్పకపోవడం, లేదా దీన్ని చెప్పి వాటిని మరుగుపరచడం చరిత్ర రచన కాదు. వేగంగా ముగిసిన యుద్ధం తక్కువ నష్టంతో ముగిసిన యుద్ధమే కానక్కరలేదు.

8. ముగింపు:

హంబర్, స్టాగ్‌హౌండ్ వాహనాలు తమ కాలానికి దీటైన యంత్రాలే. తూర్పు రంగంలో వాటి ఓటమికి మూడు కారణాలను నిర్ధారించవచ్చు. మొదటిది, పరిశీలనకు ఉద్దేశించిన వాహనాన్ని ట్యాంకుకు ఎదురుగా స్థిర రక్షణకు వాడడం. రెండవది, కోదాడ, మునగాలల భౌగోళిక చిక్కుముడి వల్ల వెనుదిరిగే లోతు లేకపోవడం. మూడవది, మూసీ వంటి సహజమైన అడ్డును కాల్పుల రక్షణ లేకుండా వదిలివేయడం.

అదే తెలుగు నేలపై మెదక్ ప్రాంతంలోని ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం నుంచి 1987లో మొదటి ‘శరత్’ వాహనం వెలువడింది. సుమారు 14 టన్నుల బరువు, 30 మి.మీ. ఫిరంగి గల ఈ బి.ఎం.పి-2 రకం వాహనం ఉక్కు గొలుసులపై రేగడిలో నడుస్తుంది. ఏటిలో గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగంతో ఈదుతుంది. ఏడుగురు పదాతి సైనికులను వెంట తీసుకుపోతుంది. బరువులో అది స్టాగ్‌హౌండ్‌కు సమానం. కాని రోడ్డు, వంతెన, కాలినడక దళం అనే మూడు విషయాల్లో 1948 నాటి వాహనం ఎదుర్కొన్న పరిమితులకు దాని నిర్మాణంలోనే సమాధానం ఉంది. కోదాడ బాటలోనూ మూసీ ఒడ్డునా కనిపించిన లోటు ఏ ఒక్క రాజ్యానికో పరిమితమైనది కాదు. చక్రాలపై నడిచే ఆ తరం కవచ వాహనాలన్నిటిదీ. ఆ తరాన్ని అంచనా కట్టేటప్పుడు ఉక్కు పలక మందంతో పాటు పాలేటి వరదను, మెట్ట రేగడిని, మునగాల హద్దు రాయిని కూడా లెక్కలోకి తీసుకోవడం సముచితం.