చెరిపేసిన సీరియల్, మిగిలిన నవల

నవల సినిమా అవడం మనకి కొత్తేం కాదు. యద్దనపూడి గారి ‘మీనా’, ‘సెక్రటరీ’ ముందు నవలలుగా వచ్చి, తర్వాత తెరకెక్కాయి. యండమూరి నవలల సంగతి చెప్పక్కర్లేదు. దీనికి పూర్తిగా ఎదురు దారి కూడా మన దగ్గర ఒకటుండేది. వెండితెర నవలలు అనేవాళ్ళు. సినిమా కథని నవలగా రాసి, పుస్తకంగా వేసి అమ్మేవాళ్ళు. ముళ్ళపూడి వెంకటరమణ గారంతటివారు కూడా అలాంటివి రాశారు. అయినా వాటిని సాహిత్యం కింద లెక్కెయ్యడానికి ఎవరికీ మనసొప్పదు. "సినిమా చూసేశాం కదా, మళ్ళీ పుస్తకమెందుకు?" అంటారు.

మంచి ప్రశ్నే. కానీ ఆ సినిమా ఇంక ఎక్కడా లేకపోతే? ప్రింటు లేదు, టేపు లేదు, డీవీడీ లేదు, యూట్యూబులో అసలే లేదు. మిగిలింది ఆ పుస్తకం ఒక్కటే. అప్పుడు ఆ ‘ఎంగిలి’ నవలకి విలువెంత?

ఇది ఊహ కాదు. బ్రిటన్లో ‘డాక్టర్ హూ’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్‌కి అక్షరాలా ఇదే జరిగింది. కొత్త డాక్టర్ హూ (2005 నుంచి వచ్చినది) మనలో చాలామంది హాస్టల్ రోజుల్లో పెన్ డ్రైవుల్లో పంచుకుని చూసిందే. పాతది మాత్రం 1963 నవంబర్ 23న బీబీసీలో మొదలైంది. ఒక ముసలాయన, బయటకి పోలీసు డబ్బాలా కనిపించే ఒక కాలయంత్రం, ఆయనతో పాటు కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే కొంతమంది మనుషులు. ఒక్కో కథా నాలుగు, ఆరు, ఏడు వారాల పాటు నడిచేది. ప్రతి ఎపిసోడూ ఇరవై అయిదు నిమిషాలు, చివర్లో ఎవరో ఒకరు ప్రాణాపాయంలో ఇరుక్కోవడం, "తరువాయి వచ్చే శనివారం".

రెండో కథలోనే డాలెక్‌లు వచ్చాయి. ఉప్పుడబ్బాకి చక్రాలు పెట్టినట్టుండే ఆ లోహపు రాక్షసులంటే పిల్లలకి పిచ్చెక్కింది. దాంతో ఆ కథని పుస్తకంగా వెయ్యాలనుకున్నారు. సీరియల్‌కి మొదటి స్టోరీ ఎడిటర్‌గా పనిచేసిన డేవిడ్ విటేకరే దాన్ని రాశాడు. ఫ్రెడరిక్ ముల్లర్ అనే ప్రచురణ సంస్థ 1964 నవంబర్‌లో వేసింది.

విటేకర్ ఏం చేశాడో చూడండి. టీవీలో డాక్టర్, ఆయన మనవరాలు సూజన్, టీచర్లు ఇయాన్, బార్బరా ఎలా కలిశారన్నది మొదటి ఎపిసోడ్‌లో ఉంది. తర్వాత వాళ్ళంతా రాతియుగానికి వెళ్తారు. డాలెక్‌ల గ్రహానికి వెళ్ళేది ఆ తర్వాతే. పుస్తకం చదివేవాడికి ఇదంతా తెలియాలని రూలేం లేదు కదా! అందుకని విటేకర్ రాతియుగం మొత్తం ఎత్తేసి, కొత్త మొదలు రాశాడు. లండన్ దగ్గర బార్న్స్ కామన్ అనే చోట పొగమంచు రాత్రి, కారు ప్రమాదం, అక్కడ వీళ్ళందరూ తారసపడటం, అక్కణ్ణించి నేరుగా డాలెక్‌ల గ్రహం. పైగా కథంతా ఇయాన్ నోటితో, "నేను" అంటూ చెప్పించాడు. టీవీలో లేని ఒక గాజు డాలెక్‌ని కూడా నాయకుడిగా పెట్టాడు. పుస్తకంలో సెట్టు కట్టే ఖర్చు లేదు కాబట్టి గాజుతో చేసినా, వజ్రంతో చేసినా ఒకటే.

అంటే మొదటి పుస్తకంలోనే ఒక సంగతి తేలిపోయింది. నవలగా రాయడమంటే స్క్రిప్టుని కాపీ కొట్టి, "అన్నాడు", "అంది" తగిలించడం కాదు. ఎక్కడ మొదలెట్టాలి, ఎవరి కళ్ళతో చూడాలి, ఏది వదిలెయ్యాలి, ఇవన్నీ మళ్ళీ మొదటినుంచీ తేల్చుకోవలసిందే.

ఆ తర్వాత ఇంకో రెండు పుస్తకాలొచ్చి ఆగిపోయాయి. 1973లో టార్గెట్ అనే పిల్లల పేపర్‌బ్యాక్ ముద్రణ ఆ మూడింటినీ మళ్ళీ వేసింది. అవి బాగా అమ్ముడుపోయాయి. ఇంకేముంది, కొత్తవి కావాలన్నారు. అప్పట్లో సీరియల్‌కి స్క్రిప్ట్ ఎడిటర్‌గా ఉన్న టెరెన్స్ డిక్స్ రంగంలోకి దిగాడు. ఆయనొక్కడే అరవైకి పైగా నవలలు రాశాడు. మొత్తమ్మీద 1990ల మొదటికల్లా నూట యాభైకి పైగా కథలు పుస్తకాలైపోయాయి. సీరియల్లో హ్యారీ అనే పాత్ర వేసిన ఇయాన్ మార్టర్ కూడా ‘ది ఆర్క్ ఇన్ స్పేస్’తో మొదలుపెట్టి నవలలు రాశాడు. తను నటించిన కథని తనే నవలగా రాయడం ఎంతమందికి కుదురుతుంది చెప్పండి?

డిక్స్ పద్ధతి మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్ సపోర్ట్ ఇంజినీర్ పద్ధతి. డెడ్‌లైను ఉంది, స్క్రిప్టు ఉంది, చిన్న పుస్తకంలో ఇమడాలి. ఆరు ఎపిసోడ్ల కథల్లో సగం సేపు పాత్రలు వరండాల్లో అటూ ఇటూ పరుగెత్తడం, పట్టుబడటం, తప్పించుకోవడం, మళ్ళీ పట్టుబడటమే. వారానికొకసారి చూసేవాడికి అది తెలీదు, ఒక్క పూటలో చదివేవాడికి విసుగు. డిక్స్ దాన్ని రెండు పేజీల్లో తేల్చేసేవాడు. పాత్రని రెండు విశేషణాలతో పరిచయం చేసి ముందుకెళ్ళిపోయేవాడు. కాలయంత్రం దిగే చప్పుడుకి ఆయన దగ్గర ఒకే మాట ఉండేది, పుస్తకం తర్వాత పుస్తకంలో అదే వాడేవాడు. విమర్శకులు నవ్వుకోవచ్చు. కానీ స్కూలు పుస్తకాలు తప్ప ఇంకేదీ ముట్టని పిల్లలకి చదవడం అలవాటు చేసింది ఈ పుస్తకాలేనని ఆ తరం బ్రిటిష్ రచయితలు చాలామంది చెప్పుకున్నారు.

మాల్కమ్ హల్క్ దారి వేరు. 1970లో ఆయన రాసిన ఏడు ఎపిసోడ్ల కథలో భూమి లోపల కోట్ల ఏళ్ళుగా నిద్రపోతున్న సరీసృపాల జాతి ఒకటి మేలుకుంటుంది. "ఈ భూమి మాది, మీరెవరు?" అంటుంది. టీవీలో వాళ్ళు రబ్బరు సూట్లు వేసుకున్న నటులు, ఒకడికీ ఇంకొకడికీ తేడా తెలీదు. 1974లో అదే కథని నవలగా రాసినప్పుడు హల్క్ వాళ్ళకి పేర్లు పెట్టాడు. మొదటి అధ్యాయం మనుషులింకా పుట్టని కాలంలో, ఆ జాతి కళ్ళతోనే మొదలవుతుంది. మన తాతముత్తాతలు వాళ్ళకి పంటలు పాడుచేసే కోతులు! చదువుతుంటే ఎవరి పక్షాన నిలబడాలో తెలీదు. స్క్రిప్టులో ఆ ఆలోచన ఉంది, కానీ రబ్బరు మాస్కు వెనక ఉండిపోయింది. నవలలో బయటకొచ్చింది.

సరే, ఇప్పుడు అసలు కథ.

ఈ పుస్తకాలు అమ్ముడవుతున్న రోజుల్లోనే, అవి ఏ ఎపిసోడ్ల మీద ఆధారపడ్డాయో వాటిని బీబీసీ చెరిపేస్తూ పోయింది. దుర్మార్గంతో కాదు, లెక్కలతో. అప్పటి రెండంగుళాల వీడియో టేపు చాలా ఖరీదు, చెరిపితే మళ్ళీ వాడుకోవచ్చు. నటుల సంఘంతో ఉన్న ఒప్పందాల వల్ల పాత కార్యక్రమాల్ని ఇష్టమొచ్చినన్నిసార్లు వెయ్యడానికి లేదు. రంగుల టీవీ వచ్చేసింది, బ్లాక్ అండ్ వైట్ ఎవరు చూస్తారు? ఇంట్లో కూర్చుని క్యాసెట్ వేసుకుని చూసే రోజులొస్తాయని ఎవరూ ఊహించలేదు. స్టోరేజీ ఖరీదు, డేటా దండగ. మనం కూడా డిస్కు నిండినప్పుడల్లా పాత లాగ్స్ ఇలాగే లేపేస్తాం. విదేశాలకి అమ్మడానికి తీసిన ఫిల్ము కాపీలు కూడా హక్కుల గడువు తీరాక చెత్తలోకి వెళ్ళాయి. 1967 నుంచి 1978 దాకా ఈ పని సాగింది. 1960ల్లో ప్రసారమైన ఎపిసోడ్లు 253. వాటిలో వందకి పైగా మాయమయ్యాయి. తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి దొరుకుతూ, 2013లో నైజీరియాలోని ఒక టీవీ స్టేషన్‌లో ఒకేసారి తొమ్మిది బయటపడ్డాక లెక్క 97కి దిగింది.

అంటే 1980ల్లో లండన్లో పెరుగుతున్న ఒక కుర్రాడికి ‘మార్కోపోలో’ (1964, ఏడు ఎపిసోడ్లు, ఏడూ పోయాయి) చూసే దారి లేదు. వాడికి ఆ కథ అంటే, దాన్ని టీవీకి రాసిన జాన్ లుకరొట్టీయే తర్వాత రాసిన నవల. బొమ్మల వ్యాపారంలో భాగంగా పిల్లల కోసం అచ్చువేసిన చౌక పుస్తకం కాస్తా సీరియల్‌కి బ్యాకప్ అయి కూర్చుంది.

కానీ ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. అది నిజంగా బ్యాకప్పేనా?

లుకరొట్టీదే ఇంకో కథ ఉంది, ‘ది మాసకర్’. 1572లో పారిస్‌లో జరిగిన ప్రొటెస్టెంట్ల ఊచకోత మీద. 1966 ఫిబ్రవరిలో నాలుగు వారాలు వచ్చింది. నాలుగూ పోయాయి. ఆయన రాసిన స్క్రిప్టుని అప్పటి ఎడిటర్ డోనల్డ్ టోష్ చాలావరకు తిరగరాశాడు. ప్రసారమైన కథలో డాక్టర్ మధ్యలో దాదాపు కనిపించడు. అచ్చం ఆయనలాగే ఉండే ఒక మతాధికారి కనిపిస్తాడు, ఇద్దరినీ వేసింది ఒకే నటుడు. డాక్టర్‌తో వచ్చిన స్టీవెన్ వీధిలో ఆ మతాధికారి శవాన్ని చూసి, అది డాక్టరే అనుకుని కుప్పకూలిపోతాడు. చూసేవాళ్ళకీ ఖాయంగా తెలీదు. కథ బలమంతా అక్కడే ఉంది.

1987లో లుకరొట్టీ దీన్ని నవలగా రాశాడు. ప్రసారమైనది పక్కన పెట్టి, తన మొదటి ఆలోచనలకి తిరిగి వెళ్ళి రాశాడు. అందులో డాక్టరే స్వయంగా ఆ మతాధికారి వేషం వేస్తాడు! రచయితగా ఆయన్ని తప్పుపట్టలేం, తన కథ తను చెప్పుకున్నాడు. కానీ నవలే సాక్ష్యమనుకుంటే 1966లో జనం చూసింది ఏమిటో మనకి తప్పుగా తెలిసేది.

ఇది చదివినప్పుడు నాకు మా ప్రాజెక్టులోని ఒక పాత మాడ్యూల్ గుర్తొచ్చింది. సోర్సు కోడ్ ఎవరి దగ్గరా లేదు, డిజైన్ డాక్యుమెంట్ మాత్రం నలభై పేజీలు చక్కగా ఉంది. రెండు వారాలు కుస్తీ పట్టాక తెలిసిందేమిటంటే, అందులో రాసింది కట్టాలనుకున్న సిస్టం, కట్టింది వేరే. లుకరొట్టీ నవల కూడా అలాంటి డాక్యుమెంటే.

మరి నిజం ఎలా తెలిసింది? శబ్దం వల్ల. ఆ రోజుల్లో కొందరు పిల్లలు టీవీ దగ్గర టేప్ రికార్డర్ పెట్టుకుని ఎపిసోడ్లని రికార్డు చేసుకునేవాళ్ళు. వాళ్ళ పుణ్యమా అని పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ సౌండు మిగిలింది. బొమ్మ లేదు, మాట ఉంది. ఆ మాటని నవలతో పక్కపక్కన పెట్టి చూస్తేనే ఎవరు ఏం మార్చారో తేలింది.

దీనికి తిరగేసిన ఉదాహరణ ‘టూమ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ (1967). ఇది కూడా పోయిందనే అనుకున్నారు. జెర్రీ డేవిస్ 1978లో రాసిన నవల చదివి, చూసినవాళ్ళ వర్ణనలు విని, ఒక తరం మొత్తం తలలో బ్రహ్మాండమైన సినిమా తీసుకుంది. 1991 చివర్లో హాంకాంగ్‌లో నాలుగు ఎపిసోడ్లూ దొరికాయి. 1992లో వీడియో క్యాసెట్‌గా వస్తే ఎగబడి కొన్నారు. కొందరు మురిసిపోయారు, కొందరు "ఇంతేనా?" అన్నారు. పుస్తకంలో తాళ్ళు, అట్టముక్కలు కనబడవు మరి.

నవల సీరియల్‌కి నకలు కాదని ఇవన్నీ చెబుతున్నాయి. ఒక మనిషి ఆ కథని మళ్ళీ తలచుకుని రాసిన రాత అది. అందులో ఆ మనిషి ఇష్టాలూ, కోపాలూ, తీరని కోరికలూ కలుస్తాయి. హల్క్ చేతిలో అది మంచే చేసింది. లుకరొట్టీ చేతిలో చరిత్రని మసకబార్చింది. అయినా నేను ఈ పుస్తకాల పక్షమే. ఎందుకంటే జాగ్రత్త చెయ్యాల్సిన సంస్థ ఖరీదైన ఒరిజినల్‌ని పారేసింది. కథల్ని కాపాడింది అతి చౌకగా, అతి ఎక్కువ కాపీలుగా, వేల ఇళ్ళలో చెల్లాచెదురుగా పడి ఉన్న వస్తువులు: పేపర్‌బ్యాకులు, ఇంట్లో రికార్డు చేసుకున్న టేపులు. అవన్నీ ఒకేసారి చెరిపెయ్యడం ఎవరి తరమూ కాదు.

మన దేశపు మొదటి టాకీ ‘ఆలం ఆరా’ (1931) ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. కాబట్టి ఇదేదో ఇంగ్లీషువాళ్ళ తంటా అని నవ్వుకోవడానికి లేదు. మీ ఊళ్ళో అటక మీద పాత వెండితెర నవల ఏదైనా పడి ఉంటే, పాత పేపర్లవాడికి వేసేముందు ఒక్కసారి స్కాన్ చెయ్యండి. సినిమా ఉంది కదా, అది చాలు అనుకోకండి. బీబీసీ వాళ్ళూ అలాగే చాలా అనుకున్నారు.