హద్దు పెట్టిన బజారు: సుల్తాన్ బజారు స్వభావంపై ఒక పరిశీలన

నగరం నడిబొడ్డున చిన్న కొట్లతో నిండిన వీధికి ఒక స్వభావం ఉంటుందని అందరూ అంటారు. అది ఎక్కడుందని అడిగితే పాత భవనాలనో, బేరాల సందడినో చూపుతారు. హైదరాబాదు కోఠీలోని సుల్తాన్ బజారును పరిశీలిస్తే ఈ జవాబు చాలదనిపిస్తుంది. వ్యాపారులను ఇక్కడికి చేర్చింది ఒక పాలనా హద్దు. ఆ హద్దు చెరిగిపోయాక కూడా వారిని కలిపి ఉంచింది, ఒక కొట్టు పక్క కొట్టు మీద ఆధారపడే తీరు. వీధి స్వభావమంటే ఆ తీరేనన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో, జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ నిజాం దర్బారులో బ్రిటిషు ప్రతినిధిగా, అంటే రెసిడెంటుగా ఉన్నప్పుడు, మూసీకి ఉత్తరాన, నగర ప్రాకారానికి వెలుపల బ్రిటిషు రెసిడెన్సీ భవనం లేచింది. దాని చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజార్లు నిజాం రాజధానిని ఆనుకునే ఉన్నా రెసిడెంటు అధికారం కింద నడిచాయి. రాజ్యంలోని వారికి అప్పులిచ్చే సాహుకార్లకు ఆ రాజ్యం చేయి నేరుగా సోకని చోటు కొండంత అండ. గుజరాతీ గల్లీ పేరులో అలాంటి వలసల జాడ ఇప్పటికీ వినిపిస్తుంది. 1933లో ఈ ప్రాంతం తిరిగి నిజాం పాలనలోకి వచ్చి సుల్తాన్ బజారైంది. హద్దే అసలు బలమైతే బజారు అప్పుడే చెదిరిపోవాల్సింది. అలా జరగలేదు.

కారణం కొనుగోలు జరిగే పద్ధతిలో దొరుకుతుంది. చీర ఒక కొట్లో, జాకెట్టు ముక్క పక్క కొట్లో, ఫాల్, లేసు ఆ పై కొట్లో. ఏ చిన్న కొట్టూ అన్ని సరుకులూ నిలవ పెట్టుకోనక్కర్లేదు. లేనిది పొరుగున ఉంటుంది. కొనేవారు నాలుగు అడుగుల్లో నాలుగు ధరలు పోల్చుకోగలరు. దగ్గర్లోని ట్రూప్ బజారులో విద్యుత్, శానిటరీ సామాన్లు, కోఠీలో పాత పుస్తకాలు ఒక్కచోట గుమిగూడటం వెనకా ఇదే లెక్క. పోటీ పడేవారే ఒకరికొకరు గిరాకీని తెచ్చిపెడతారు.

ఇది పాతదనం మీది మోజని, ఇరుకునూ కాలిబాట ఆక్రమణనూ స్వభావమంటూ కీర్తించడమని ఒక ఆక్షేపణ ఉంది. ఇరుకు కష్టమే, నిజం. కానీ 2014 నాటి వీధి విక్రేతల చట్టం సైతం బండివారి జీవనోపాధిని కాపాడుతూనే క్రమబద్ధం చేయాలంటుంది. ఇరుకును తగ్గించడానికి కొట్లను తుడిచేయనక్కర్లేదు. రెండో ఆక్షేపణ మరింత గట్టిది: వ్యాపారులు ఏళ్ల తరబడి వద్దన్నా మెట్రో బజారు మీదుగానే వచ్చింది, 2020 ఫిబ్రవరి 7న ఆ మార్గం మొదలైంది, అయినా అంగళ్లు నడుస్తున్నాయి కదా! నడుస్తున్నాయి. స్తంభాలు లేచి వీధి రూపు మారినా కొట్ల వరుస తెగని చోట గిరాకీ నిలిచిందంటే, రూపు కన్నా ఆ వరుసే ముఖ్యమనడానికి అదొక సాక్ష్యం. స్థలం పోగొట్టుకున్నవారి నష్టాన్ని మాత్రం ఈ మాట పూడ్చదు.

కాబట్టి ఇలాంటి వీధిని కాపాడదలిస్తే ముఖద్వారాలకు రంగులు వేయడం కన్నా ముందు చూడాల్సింది కొట్టు వెడల్పు. పది కొట్లు కలిసి ఒకే షోరూమైన రోజు పాత గోడ అలాగే ఉండవచ్చు. సరుకు లేదని పక్క కొట్టుకు దారి చూపేవారు మాత్రం ఉండరు.