సైరీన్ బడి పిల్లల బొమ్మలు

శతవార్షికోత్సవ సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయమని సంపాదకవర్గంవారు అడిగినప్పుడు కొంత వెనుకాడాను. మన సంఘాల చరిత్ర నాకంటె బాగా ఎరిగిన పెద్దలు ఉన్నారు గదా! అయితే ముప్పయి యేండ్లు మిషన్ బడిలో డ్రాయింగు మాష్టరుగా పనిచేసినవాణ్ణి గనుక, నా పనికి దగ్గరైన చరిత్ర ఒకటి చెప్పవచ్చునని ధైర్యం చేస్తున్నాను. ఇది మన దేశపు కథ కాదు. అయినా మనకు పరాయిదీ కాదు.

ఎడ్వర్డ్ పాటర్సన్ 1895లో స్కాట్లాండులో జన్మించారు. చిన్ననాడే దక్షిణాఫ్రికా చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడుగా ఉండి, ఆ తరువాత లండన్‌లో చిత్రకళ నేర్చుకొని, ఆంగ్లికన్ సంఘంలో గురువుగా అభిషేకం పొందారు. 1939-40లో దక్షిణ రొడీషియాలో, బులవాయో పట్టణానికి సుమారు 20 మైళ్ల దూరాన ఆఫ్రికా బాలుర కొరకు ఒక మిషన్ పాఠశాల స్థాపించారు. ఆ దేశమే 1980 నుండి జింబాబ్వే. బడికి సైరీన్ అని పేరు పెట్టారు. ప్రభువు సిలువను మోసిన కురేనీయుడైన సీమోను ఆఫ్రికావాడే. అతని ఊరి పేరే ఆ బడి పేరు.

అప్పటి రొడీషియాలో పరిపాలన తెల్లవారి చేతిలో ఉండేది. నల్లవారి పిల్లలకు నాలుగక్షరాలూ, చేతిపనీ వస్తే చాలుననే అభిప్రాయం బలంగా ఉన్న రోజులవి. పైగా రెండవ ప్రపంచ యుద్ధకాలం. అటువంటి చోట, అటువంటి వేళ పాటర్సన్‌గారు ఒక నియమం పెట్టారు: బడిలో చేరిన ప్రతి విద్యార్థీ బొమ్మలు వేయవలసిందే. చేయి తిరిగినవాడికే కాదు, అందరికీ చిత్రలేఖనం పాఠమే. కొయ్యచెక్కడమూ నేర్పేవారు.

ఆయన నేర్పిన విధానం గమనించదగినది. ఐరోపా చిత్రాలను ముందుంచి నకలు వ్రాయించలేదు. నీ కంటికి కనిపించేదీ, నీవు విన్న కథా వేయమన్నారు. బడి చుట్టూ మటోబో కొండల సీమ. పెద్ద పెద్ద బండలు, చెట్లు, పశువులు, గుడిసెలు. పిల్లలు వాటినే వేశారు. ఖాళీ జాగా మిగల్చకుండా ఆకు ఆకునూ, రాయి రాయినీ నింపి వేసిన ఆ బొమ్మలు చూస్తే, అక్కడ పుట్టినవాడే వేయగలడని తెలుస్తుంది. గొప్ప చిత్రాలు చూపకపోవడం న్యాయమా అని అడిగేవారుండవచ్చు. నా అనుభవంలో నకలుతో మొదలుపెట్టిన పిల్లవాడు తన చేతిని తాను నమ్మడు. మొదట తన ఊరు వేయనిచ్చి, లోకాన్ని తరువాత చూపడం మేలు.

బడి ప్రార్థనాలయం గోడలు లోపలా వెలుపలా విద్యార్థులే చిత్రించారు. బైబిలు కథలలోని మనుషులు ఆ గోడలమీద ఆఫ్రికావారుగా, ఆ కొండల మధ్యనే కనిపిస్తారు. అక్కడ చదివిన శామ్ సోంగో అంగవైకల్యం గలవాడు, చక్రాల కుర్చీలో తిరిగేవాడు. అతడు పేరుపొందిన చిత్రకారుడై అక్కడే ఇతరులకు నేర్పాడు.

ఇది చదివినప్పుడు నాకు మన దోర్నకల్ జ్ఞాపకం వచ్చింది. బిషప్ అజరయ్యగారి ఎపిఫనీ దేవాలయం ప్రతిష్ఠ జరిగింది కూడా 1939లోనే. గుమ్మటాలూ, ఆలయ స్తంభాలూ కలిపి ఈ నేల పనితనంతో కట్టించారు. సముద్రానికి అటూ ఇటూ ఇద్దరు దైవజనులకు ఒకే ఆలోచన! ఆరాధనకు మన కళ్లూ మన చేతులూ పనికిరావని ఎవరన్నారు?

1947లో ఆరవ జార్జి రాజు కుటుంబం సైరీన్ బడిని దర్శించింది. 1949లో పిల్లల చిత్రాలు లండన్‌లో ప్రదర్శించారు. పాటర్సన్‌గారు 1953లో సైరీన్ విడిచి, నేటి హరారే నగరంలో పేదవాడల పిల్లలకు బొమ్మలు నేర్పుతూ, 1974లో ప్రభునందు నిద్రించారు.

అయితే కథలో బాధాకరమైన భాగం ఒకటున్నది. విదేశం వెళ్లిన చిత్రాలలో చాలా భాగం తిరిగి రాలేదు. లండన్‌లోని ఒక చర్చిలో పెట్టెలలో ఏండ్ల తరబడి మూలపడి ఉన్నాయి. 2020లో గాని వాటిని లండన్‌లో మళ్లీ ప్రదర్శించలేదు. ఆ తరువాత జింబాబ్వే జాతీయ చిత్రశాలకు చేరాయి. వేసిన బాలురలో ఎందరో అప్పటికి లేరు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా బడిలో రంగులపెట్టె కొనే స్థోమత ఎవరికీ లేదు. బొగ్గు, ఇటుక పొడి, పసుపు, చిక్కుడాకు రసం, వీటితోనే పెండ్లిపత్రికల వెనుక వేయించేవాణ్ణి. ఒక బాలిక క్రిస్మసు బొమ్మలో పశువుల తొట్టిని తమ గొడ్లచావడిలోనే వేసింది. మరియమ్మకు వాళ్లమ్మ ముతక చీర కట్టింది. తరగతి అంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. పదవీ విరమణనాడు గది ఖాళీ చేస్తూ, ఆ బొమ్మల కట్టలన్నీ పాత కాగితాలవాడికి తూకానికి వేశాను. సైరీన్ చిత్రాలు ఆలస్యంగానైనా దొరికాయి. నేను అమ్మినవి ఇక దొరకవు.

కనుక సంఘ పెద్దలకు నా మనవి. సండేస్కూలు పిల్లలచేత బొమ్మలు వేయించండి. బొగ్గు ముక్క చాలు. వెనుక పిల్లల పేరు, వయస్సు, ఊరు, సంవత్సరం వ్రాయండి. సంఘ రిజిస్టర్లు ఉంచిన బీరువాలోనే వాటినీ భద్రపరచండి. రెండువందల యేండ్ల పండుగ చేసుకొనేవారు మన ముఖాలు ఎలా ఉండేవో, మన ఇండ్లు ఎలా ఉండేవో, మన ప్రభువును మన పిల్లలు ఎలా ఊహించారో వాటిలో చూస్తారు.