మోండా మార్కెట్ ఎవరి పాలనలో ఉంది? సికింద్రాబాద్, వాషింగ్టన్‌ల పాలనా పరిధి: ఒక తులనాత్మక పరిశీలన

మోండా మార్కెట్ ఉన్నచోటే ఉంది. దాన్ని ఏలినవాళ్లే మారుతూ వచ్చారు. 1945 దాకా బ్రిటిష్ రెసిడెంటు పరిధి, ఆ పైన నిజాం సర్కారు, 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో ఇండియన్ యూనియన్. 1950లో సికింద్రాబాద్‌కు సొంత కార్పొరేషన్ వచ్చింది. 1960లో అది హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. 2007లో ఆ కార్పొరేషనే జీహెచ్‌ఎంసీ అయింది. గడప దాటకుండానే ఇన్ని ప్రభుత్వాలు చూసిన బజార్లు దక్కన్‌లో అరుదు. మార్కెట్‌కు కాస్త దూరంలో మొదలయ్యే కంటోన్మెంట్ బోర్డు పరిధిలో మాత్రం నేటికీ వేరే చట్టం, వేరే అధికారులు.

దీన్ని స్థానిక చరిత్రగా రాసినవారు ఉన్నారు. ఈ వ్యాసం దీన్ని రాజ్యాంగ సమస్యగా చూస్తుంది. సైన్యం గాని, ప్రభుత్వ పీఠం గాని ఉండే నేల ఎవరి ఏలుబడిలో ఉండాలి? ఆ నేల మీద బతికే మామూలు జనానికి ఓటు ఎక్కడ? ఈ ప్రశ్నను మొట్టమొదట రాజ్యాంగంలోకే ఎక్కించినవారు అమెరికా సంస్థాపకులు. వారి జవాబు సగమే. మిగిలిన సగం ఎలా ఉంటుందో సికింద్రాబాద్‌ను పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

కథ జీతం బకాయిలతో మొదలవుతుంది. 1781లో అమలులోకి వచ్చిన కాన్ఫెడరేషన్ అధికరణాల కింద అమెరికన్ కాంగ్రెస్‌కు పన్ను వేసే హక్కు లేదు. రాష్ట్రాలు ఇచ్చిందే ఖర్చు పెట్టాలి, ఇవ్వకపోతే లేదు. 1783 జూన్‌లో జీతాలు అందని సైనికులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ కూర్చున్న భవనాన్ని చుట్టుముట్టారు. మిలీషియాను పిలవండి అని కాంగ్రెస్ పెన్సిల్వేనియా రాష్ట్రాన్ని కోరింది. రాష్ట్ర కార్యనిర్వాహక మండలి అధ్యక్షుడు జాన్ డికిన్సన్ ఒప్పుకోలేదు. జాతీయ సభ మూటాముల్లె సర్దుకుని ప్రిన్స్‌టన్ వెళ్లిపోయింది. నాలుగేళ్ల తర్వాత అదే భవనంలో కొత్త రాజ్యాంగం రాయడానికి 55 మంది ప్రతినిధులు చేరారు. చివరికి 39 మంది సంతకాలు చేశారు. పన్ను వేసే అధికారం, సైన్యాన్ని పోషించే అధికారం, రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని క్రమబద్ధం చేసే అధికారం కాంగ్రెస్‌కు దఖలు పడ్డాయి. మొదటి అధికరణం 8వ సెక్షన్‌లో 17వ క్లాజు ఫిలడెల్ఫియా అవమానానికి నేరుగా సమాధానం. పది మైళ్ల చదరానికి మించని ఒక జిల్లా మీద కాంగ్రెస్‌కే సంపూర్ణ శాసనాధికారం ఉంటుంది. ఆ క్లాజు రెండో భాగాన్ని చాలామంది చదవకుండా వదిలేస్తారు. రాష్ట్ర శాసనసభ సమ్మతితో కొన్న కోటలు, మందుగుండు నిల్వలు, ఆయుధాగారాలు, నౌకా నిర్మాణ స్థలాల మీదా ఆ అధికారమే చెల్లుతుంది. అంటే రాజధానిని, సైనిక స్థావరాన్ని ఒకే వాక్యంలో ఒకే గాటన కట్టారు. కంటోన్మెంట్ గురించి రాసేవారికి పనికొచ్చేది ఈ రెండో భాగమే.

సికింద్రాబాద్‌కూ మూలం సైనికుల జీతమే, కాని ఎదురు దిక్కు నుంచి. 1798 సైన్య సహకార ఒడంబడికతో ఈస్టిండియా కంపెనీ దళాలు నిజాం రాజ్యంలో తిష్ఠ వేశాయి. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వెలిసిన ఆ శిబిరానికి 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అంతకుముందే దళాల ఖర్చు కింద 1800లో అప్పటి నిజాం బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చేశాడు. అవే దత్తమండలాలు. సైన్యానికి జీతం ఇవ్వలేక అమెరికన్ కాంగ్రెస్ ఊరు విడిచిపోతే, జీతం కోసం ఇక్కడ ఏకంగా కొన్ని జిల్లాలే చేతులు మారాయి. రాయలసీమ చరిత్రకూ మోండా బజారు చరిత్రకూ ముడి పడిన చోటు ఇది. మన పాఠ్యపుస్తకాలు ఈ రెంటినీ వేర్వేరు అధ్యాయాల్లో చెప్పడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

దండు చుట్టూ బజార్లు పెరిగాయి. రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్ అన్న పేర్లే ఆ సంగతి చెబుతాయి. ఇప్పటి ఎం.జి. రోడ్డు అప్పటి జేమ్స్ స్ట్రీట్. నేల మీద సార్వభౌమత్వం నిజాందే. పోలీసు, కోర్టు, మునిసిపల్ అధికారాలు మాత్రం రెసిడెంటు ద్వారా బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం చలాయించేది. ఈ చీలిక బజారులో చేతికి తగిలేది డబ్బు దగ్గర. నిజాం నాణెం హాలీ సిక్కా, బ్రిటిష్ రూపాయి కల్దార్. స్థూలంగా ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. హైదరాబాద్ వైపు నుంచి సరుకు తెచ్చినవాడి సంచిలో ఒక రకం, పల్టన్ వంటశాలకు సరుకు కొనేవాడి చేతిలో మరో రకం. బేరం కుదిరాక ఏ రూపాయి అన్న మాట విడిగా తేల్చుకోవలసి వచ్చేది. అమెరికా రాజ్యాంగం రాష్ట్రాలు సొంత నాణేలు ముద్రించకుండా నిషేధించింది ఇలాంటి చిక్కు తప్పించడానికే.

అప్పగించిన అధికారం ఎంతవరకు సాగుతుంది అన్నది మరో చిక్కు. నిజాం రాజ్యంలోని రైల్వే భూముల మీదా బ్రిటిష్‌వారికి పరిధి ఉండేది. ఆ భూమిలో ఒక వ్యక్తిని సిమ్లా మేజిస్ట్రేటు వారంటుతో పట్టుకున్నారు. మహమ్మద్ యూసుఫుద్దీన్ కేసుగా 1897లో అది లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు చేరింది. రైల్వే నిర్వహణకు ఎంత అవసరమో అంత మేరకే ఆ పరిధి అని, రైల్వేతో సంబంధం లేని నేరానికి అక్కడ అరెస్టు చెల్లదని కౌన్సిల్ తేల్చింది. ఇచ్చినంతే అధికారం, మిగిలింది ఇచ్చినవాడిదే. అమెరికా పదో సవరణ సమాఖ్య ప్రభుత్వం విషయంలో చెప్పేది ఇదే లెక్క. ఒక తేడా ఉంది. అక్కడ ఇచ్చినవారు జనం. ఇక్కడ ఇచ్చింది రాజు.

వాషింగ్టన్‌లో జనం మాటేమయిందో చూద్దాం. కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ రాసిన 43వ ఫెడరలిస్ట్ వ్యాసంలో జేమ్స్ మాడిసన్ జిల్లా వాసులకు స్థానిక వ్యవహారాల కోసం తాము ఎన్నుకున్న సభ ఎలాగూ ఉంటుందని భరోసా ఇచ్చాడు. 1790 జులైలో రాజధాని చట్టం వచ్చింది. 1800లో ప్రభుత్వం పోటోమాక్ నది ఒడ్డున వాషింగ్టన్‌కు మారింది. 1801 ఫిబ్రవరి చట్టంతో జిల్లా పూర్తిగా కాంగ్రెస్ కిందికి పోయింది. జిల్లాకు నేల ఇచ్చిన మేరీలాండ్, వర్జీనియాల్లో అప్పటిదాకా ఓటేసిన జిల్లా వాసులకు ఇక కాంగ్రెస్ ఎన్నికల్లో ఓటు లేకుండా పోయింది. నగరానికి కొన్నాళ్లు మేయరు, కౌన్సిలు నడిచాయి. 1874లో ఎన్నికలే ఎత్తేశారు. 1878 నుంచి ముగ్గురు కమిషనర్ల పాలన, అందులో ఒకరు తప్పనిసరిగా సైన్యపు ఇంజనీర్ల విభాగం అధికారి. రోడ్లు, కాలువలు ఆయన చేతిలో. ఈ ఏర్పాటు 1967 దాకా సాగింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఇల్లు కట్టడానికి అర్జీ పెట్టుకున్న ఎవరికైనా ఇది పరాయి సంగతిలా అనిపించదు. 1961లో 23వ సవరణతో అధ్యక్ష ఎన్నికలో మూడు ఎలక్టోరల్ ఓట్లు దక్కాయి. 1973 స్వపరిపాలన చట్టంతో మేయరు, కౌన్సిలు తిరిగి వచ్చారు. సెనేట్‌లో ఇప్పటికీ ఎవరూ లేరు. ప్రతినిధుల సభలో ఉన్న ఒక్క డెలిగేటుకు బిల్లు మీద తుది ఓటు లేదు. 2020 జనగణన ప్రకారం జిల్లా జనాభా 6,89,545. ఇద్దరు సెనేటర్లున్న వెర్మాంట్, వ్యోమింగ్‌ల కంటే ఎక్కువ.

రెండు చోట్లా కొంత నేల వెనక్కి పోయింది. పోలిక అసలు పదును ఇక్కడే. పోటోమాక్ దక్షిణ ఒడ్డున ఉన్న అలెగ్జాండ్రియాను 1846లో వర్జీనియాకు తిరిగి ఇవ్వడానికి కాంగ్రెస్ చట్టం చేస్తూ, అక్కడివారి ఓటు అడిగింది. అనుకూలం 763, ప్రతికూలం 222. దీన్ని మరీ గొప్ప చేయనక్కరలేదు. ఓటు తెల్ల మగవారిదే. జిల్లాలో బానిస వ్యాపారం నిషేధిస్తారేమోనన్న భయం అలెగ్జాండ్రియా వర్తకుల్లో ఉంది, 1850లో ఆ నిషేధం రానే వచ్చింది. అయినా అడగడమంటూ జరిగింది. ఇక్కడ 1933లో హైదరాబాద్‌లో రెసిడెంటు నివాసం చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజార్లు, 1945లో కంటోన్మెంట్ పోను మిగిలిన సికింద్రాబాద్ నిజాంకు తిరిగి చేరాయి. రెండు సందర్భాల్లోనూ మాట్లాడుకున్నది బ్రిటిష్ ప్రభుత్వం, నిజాం. మోండా బజారు ఓటు ఎవరూ అడగలేదు.

1950 భారత రాజ్యాంగం కంటోన్మెంట్‌కూ ఊరికీ మధ్య గీతను చెరపలేదు, పద్దుల్లోకి ఎక్కించింది. ఏడో షెడ్యూలు కేంద్ర జాబితా 3వ పద్దు కంటోన్మెంట్ల సరిహద్దులు, స్థానిక పాలన, అధికార సంస్థలు, చివరికి ఇళ్ల అద్దెల నియంత్రణతో సహా కేంద్రానికి ఇచ్చింది. రాష్ట్ర జాబితా 5వ పద్దు మిగతా స్థానిక పాలనను రాష్ట్రానికి ఇచ్చింది. మోండా మార్కెట్ ముల్గీ కిరాయి రసీదు 5వ పద్దు కిందిది. కంటోన్మెంట్‌లోని తిరుమలగిరి ఇంటిపన్ను రసీదు 3వ పద్దు కిందిది. 2006 కంటోన్మెంట్ల చట్టం ప్రకారం బోర్డు అధ్యక్షుడు స్టేషన్‌ను కమాండ్ చేసే సైనికాధికారి, ఉపాధ్యక్షుడు ఎన్నికైన సభ్యుల్లోంచి వస్తాడు. వాషింగ్టన్ వాసి కంటే కంటోన్మెంట్ వాసి ఒక విషయంలో మెరుగు. శాసనసభకు, లోక్‌సభకు అతనికి పూర్తి ఓటు ఉంది. లోటు వీధి స్థాయిలోనే. చివరి బోర్డు ఎన్నికలు 2015 జనవరిలో జరిగాయి. 2021లో ఆ బోర్డు గడువు తీరింది. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలు పెడతామన్న ప్రకటన వచ్చింది, ప్రకటన వచ్చిన మరుసటి నెలలోనే దాన్ని ఉపసంహరించారు. రాజధానిలో సెనేటరు లేకపోవడం ఎంత లోటో, మోరీ పూడిక తీయమని అడగడానికి వార్డు సభ్యుడు లేకపోవడమూ అంతే లోటు. ఆ రెండోది సిద్ధాంత చర్చల్లోకి రాకపోవడానికి అది చిన్నది కావడం కాదు కారణం, దాన్ని భరించేవారు వ్యాసాలు రాయకపోవడం.

మేరీలాండ్‌లోని సమాఖ్య ఆరోగ్య సంస్థ ఆవరణలో కాపురముండేవారికి రాష్ట్రం ఓటు నిరాకరిస్తే, 1970లో ఎవాన్స్ వర్సెస్ కార్న్‌మన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తప్పుపట్టింది. పన్నులు కడుతూ, రాష్ట్ర చట్టాలకు లోబడి ఉన్నవారిని గీత అవతల ఉన్నారన్న ఒక్క కారణంతో బయట పెట్టడం కుదరదని తీర్పు. మన దగ్గర చర్చ ఇప్పుడు గీతనే జరపడం మీదికి వచ్చింది. కంటోన్మెంట్ల పౌర ప్రాంతాలను పక్కనున్న పురపాలికల్లో కలపడానికి రక్షణ శాఖ 2024లో విధివిధానాలు ఇచ్చింది. ఆస్తులు, సిబ్బంది, భూమి హక్కుల సంగతులు వాటిలో వివరంగా ఉన్నాయి. సరిహద్దు మార్చేటప్పుడు 2006 చట్టం అక్కడి వాసికి ఇచ్చేది, నిర్ణీత గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం పంపుకునే హక్కు. 1945లో మోండా బజారుకు ఆ పాటి కూడా లేదు. 1846లో అలెగ్జాండ్రియాకు అంతకంటే ఎక్కువే ఉంది.