ఎవరు? అను పద్దు



భూమి కొనదలచినవాడు ముందుగా సబురిజిస్ట్రారు కచేరికి పోయి, దానిని పూర్వ మెవ్వరెవ్వరికి వ్రాసిరో చూచుకొనుట మన మెరిగిన యాచారమే. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టములోని 57వ సెక్షను ఈ పుస్తకముల విషయమున ఒక భేదమును పాటించినది. స్థిరాస్తి దస్తావేజు లెక్కు ఒకటవ పుస్తకమును, రుసుము చెల్లించినవా డెవ్వడైనను చూడవచ్చును. వీలునామా లెక్కు మూడవ పుస్తకములోని నకలునో, వ్రాసినవాడు బ్రతికియున్నంతవరకు, అతనికి గాని అతని ఏజెంటునకు గాని తప్ప అన్యుల కీయరాదు. పొల మెవరిదో లోకమునకు తెలియవలయును. తండ్రి యే కుమారున కేమి వ్రాసెనో అప్పుడే తెలియ నక్కరలేదు. నేడు నేను చెప్పబోవు పద్దు ఇట్టి భేద మెరుగకయే పుట్టి, ముప్పదియారేండ్లు అట్లే నడచినది.

ఇంటర్నెట్టులో ప్రతి వెబ్‌సైటునకు ఒక పేరుండును. దానిని డొమైన్ పేరందురు. సెల్‌ఫోనులో మన మనుమలు కొట్టెడి అక్షరము లవియే. ఆ పేరును రిజిస్ట్రారనెడి వ్యాపారసంస్థకు రుసుమిచ్చి, ఇన్ని సంవత్సరములని గడువు పెట్టి తీసికొనవలయును. గడువు దాటినను మరల కట్టనిచో తుదకు ఇతరులకు పోవును. కావున నిది క్రయమునకంటె కౌలునకే దగ్గర. ఆ కౌలుదారు డెవ్వడో వ్రాసియుంచు పద్దు చరిత్రమే నా ప్రసంగవిషయము.

1969లో అమెరికా రక్షణశాఖవారి ద్రవ్యముతో ‘ఆర్పానెట్’ అను కంప్యూటర్ల వల యేర్పడెను. కాలిఫోర్నియాలో, మెన్లోపార్కునందలి స్టాన్‌ఫర్డ్ పరిశోధనాసంస్థలో, ఆ వలకు సమాచారకేంద్ర ముండెను. ఎలిజబెత్ ఫీన్లర్ అను విదుషీమణి 1989 వరకు దానిని నడపినది. ఏ యంత్ర మెచ్చటనున్నదో, దానిని చూచువా రెవ్వరో ఆ కార్యాలయమే వ్రాసియుంచెడిది. క్రొత్త యంత్రమునకు పేరు కావలసినవారు అచ్చటికే తెలుపుకొని చేర్పించుకొనవలసి యుండెను. మన పూర్వపు కరణముగారి లెక్కల పెట్టె వంటిదే యది.

1982 మార్చిలో కెన్ హారెన్‌స్టీన్, విక్ వైట్ అను నిరువురు, ఈ పద్దును దూరమునుండియే చూచు పద్ధతిని ప్రకటించిరి. దానికి ‘హూయిజ్’ అని పేరు. ‘ఎవరు?’ అని దాని యర్థము. పేరు పంపినచో వివరములు తిరిగి వచ్చును. అడుగువా డెవ్వడని గాని, ఎందుకని గాని ఆ యంత్రము ప్రశ్నింపదు. వలమీద వార్తలు పంపగల ప్రతివ్యక్తియు తన పూర్తిపేరు, టపా చిరునామా, టెలిఫోను నంబరు నమోదు చేయించుకొనవలయునని ఆ పత్రము కోరెను. ఇందులో తప్పు పట్టుటకు నాకేమియు కనబడదు. అప్పటి వలలోనివారు విశ్వవిద్యాలయములవారును, సర్కారువారును, వారి గుత్తేదారులును. ఒకని యంత్రము చెడి పదిమంది పని నిలిచినప్పుడు, ఎవరిని పిలువవలయునో తెలిసియుండుట అందరికిని మేలే.

తరువాత వల పెరిగెను. 1983లో పాల్ మొకాపెట్రిస్ నేటి డొమైన్ పేర్ల విధానమును రచించెను. 1985 మార్చి 15వ తేదీన మొదటి ‘డాట్ కామ్’ పేరు నమోదయ్యెను. 1995లో పేర్లకు రుసుము పెట్టిరి. 1998లో ‘ఐకాన్’ అను సంస్థ యేర్పడి, రిజిస్ట్రార్లతో ఒడంబడికలు చేసికొనసాగెను. యజమాని పేరు, చిరునామా, టెలిఫోను నంబరు బహిరంగముగా చూపవలయు నను షరతు ఆ యొడంబడికలలో చేరెను. ఒకరినొకరు ఎరిగిన కొలదిమంది మర్యాద, ఒకరినొకరు ఎరుగని కోట్లమందికి విధి యైనది.

దాని ఫలమేమి? ఇంటనుండి చిన్న వ్యాపారము చేయువాని యింటి చిరునామా ఊరూర తెలిసెను. పాలకులను విమర్శించి వ్రాయువాడును, వెంటాడువాని బారినుండి తప్పించుకొన్న స్త్రీయును, తాము దాగిన తావును తామే ప్రకటింపవలసిన వారైరి. దొంగ నోటీసులు పంపి రుసుము రాబట్టువారు ఆ పద్దునే చూచి పంపసాగిరి. మోసగాడు మాత్రము కల్లపేరు వ్రాసి సుఖముగా నుండెను. అటుపిమ్మట తన పేరు మరుగుపరచుటకును రుసుము కట్టవలసి వచ్చెను. నేను బడిలో ముప్పదేండ్లు అడ్మిషను రిజిస్టరు వ్రాసినవాడను. అందు బాలుని జన్మదినము, కులము, తండ్రి వృత్తి యుండును. దానిని వీధిగోడకు అంటించి, ‘అంటించవలదన్నచో రుసుము తెండు’ అని తల్లిదండ్రుల నడిగియుందునేని, నన్నేమనియుందురు?

ఐరోపా సమాఖ్యవారు 2016లో వ్యక్తిగత వివరముల రక్షణకై చట్టము చేసి, 2018 మే 25 నుండి అమలు పెట్టిరి. తప్పినవారికి రెండుకోట్ల యూరోల వరకు గాని, ప్రపంచవ్యాప్తమైన వారి వార్షికపు రాబడిలో నూటికి నాలుగు వంతుల వరకు గాని, ఏది యెక్కువయో ఆ మేరకు జుల్మానా. ఐకాన్‌వారికి రెండేండ్ల వ్యవధి యుండినను, గడువునకు ఎనిమిది దినములు ముందుగా, మే 17న, తాత్కాలిక నిబంధనలు చేసిరి. ఇంత పెద్ద సంస్థయు పరీక్షకు ముందురాత్రి చదువు విద్యార్థివలె ప్రవర్తించుట నాకు వింతగా తోచును. యజమానితోపాటు, వ్యవహారము చూచువాని వివరములను, సాంకేతికపు పని చూచువాని వివరములను కూడ సేకరింపవలసినదే యని వారొక జర్మను రిజిస్ట్రారుపై దావా వేసిరి. ఆ యదనపు వివరముల యావశ్యకత ఋజువు కాలేదని బాన్ నగరపు న్యాయస్థానము ఆ నెలలోనే వారి కోరికను త్రోసివేసెను.

ఇట్లు తెరచియున్న తలుపు ఒక్కమారుగ మూతపడెను. దానితో క్రొత్త కష్టము పుట్టెను. మా యూరి రైతొకడు, ఎరువుల డీలరుషిప్పు ఇత్తుమను వెబ్‌సైటును నమ్మి, అడ్వాన్సు కట్టి మోసపోయెను. ‘మాస్టరుగారూ, ఇది యెవరిదో చూచి చెప్పండి’ అని నాయొద్దకు వచ్చెను. నా మనుమరాలి సహాయముతో వెదకితిమి. యజమాని పేరుండవలసిన చోట, గోప్యతకొరకు తొలగింపబడినదని యున్నది. ‘ఆ స్త్రీని కాచిన తెరయే వీనిని కూడ కాచుచున్నది’ అని చెప్పినచో, సొమ్ము పోయినవాని కేమి యూరట?

అయినను పద్దులో అన్నియు మాయము కాలేదు. రిజిస్ట్రారు పేరు, ఫిర్యాదుల చిరునామా, పేరు తొలుత నమోదైన తేదీ, గడువు తీరు తేదీ నేటికిని ఎల్లరకు కనబడును. ఇరువదేండ్ల సంస్థ మాదని చెప్పుకొన్న ఆ వెబ్‌సైటు పేరు, మావాడు సొమ్ము కట్టుటకు పందొమ్మిది దినములు ముందు మాత్రమే నమోదైనది. చూచుట యెట్లో తెలిసియుండినచో, కట్టకముందే యా తేదీ కనబడియుండును.

2023 నవంబరులో, కారణము తెలిపి యజమాని వివరములు కోరుటకు ఐకాన్‌వారు ఒక మార్గ మేర్పరచిరి. ఇచ్చుటయు మానుటయు రిజిస్ట్రారు నిర్ణయమే. 2025 జనవరి 28తో డాట్ కామ్ వంటి పేర్లకు పాత హూయిజ్‌ను నడపవలసిన విధి తొలగి, ‘ఆర్‌డాప్’ అను పద్ధతి దాని స్థానమున నిలిచినది. అడుగువా డెవ్వడో గుర్తించి, వానికి తగినంత మాత్రమే చూపగల సౌకర్యము ఇందు కలదు. అనగా ఒకటవ పుస్తకమును మూడవ పుస్తకమును వేరుచేయుటకు యంత్ర మిప్పుడు సిద్ధమే. మూడవ పుస్తకమును ఎవరికి, ఏ యాధారముపై తెరువవలయునో యను వివాద మింకను తెగలేదు.

మావానిచే 1930 నంబరునకు ఫోను చేయించితిని. రిజిస్ట్రారువారి ఫిర్యాదుల చిరునామాకు నేనే జాబు వ్రాసితిని. పదునైదు దినములకు ఆ వెబ్‌సైటు మూతపడినది. సొమ్ము మాత్రము రాలేదు.