దిగువ ఊరి దాహం
టైఫాయిడ్ రోగులను చూసినప్పుడల్లా నాకు లారెన్స్ గుర్తుకు వచ్చేది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మెరిమాక్ నది ఒడ్డునున్న చిన్న నగరమది. ఎగువనున్న లోవెల్ నగరపు మురుగు కలిసిన నీటినే అక్కడివారు త్రాగి, టైఫాయిడ్ బారిన పడి మరణించేవారు.

1887లో రాష్ట్ర ఆరోగ్య మండలి అక్కడ ప్రయోగశాల నెలకొల్పింది. మురుగును ఇసుక పొరలపై విరామమిచ్చి వదిలితే, గాలి తగిలిన ఇసుకలోని సూక్ష్మజీవులే దానిని శుద్ధి చేస్తాయని నిరూపించింది. 1893లో త్రాగునీటికీ ఇసుక వడపోత ఏర్పడగా టైఫాయిడ్ మరణాలు గణనీయంగా తగ్గాయి.

మురుగులోకి గాలి పంపే ప్రయోగాలను 1912లో అక్కడ చూసి వెళ్ళిన గిల్బర్ట్ ఫౌలర్ ప్రేరణతో, మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ 1914లో ‘యాక్టివేటెడ్ స్లడ్జ్’ పద్ధతిని ప్రకటించారు. మన నగరాలలోని అనేక శుద్ధి కేంద్రాలకు అదే మూలం.

మురుగును శుద్ధి చేయక వాగులోకి వదిలే ప్రతి ఊరికీ దిగువన ఒక లారెన్స్ ఉంటుంది.